తెరచాప పందెముల లెక్క



కోరుకొండ నరసింహస్వామివారి గుట్ట నీడను పుట్టి పెరిగి, నలువదేండ్లకు దగ్గరగా బడిపిల్లలకు తెలుగు చెప్పి, విశ్రాంతి తీసికొన్నవాడను నేను. వ్యాకరణమును గూర్చియో, పురాణమును గూర్చియో మాట్లాడుమన్నచో నాకు బెరుకు లేదు. నేడు నేను చెప్పబూనినది తెరచాప పడవల పందెములను గూర్చియు, ఆ పందెములందలి గెలుపోటములను ఇంటనున్న కంప్యూటరుపై లెక్కకట్టు విధమును గూర్చియు. "పంతులుగారికి ఈ గొడవ యెందుకు?" అని మీరనుకొందురేమో. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని యీ లెక్కలో నేనొక తప్పు చేసితిని. ఆ తప్పు ఒక పసివాని గెలుపును ఏడు దినములపాటు మరుగుపరచినది. అది చెప్పుకొన్నగాని నా మనస్సు తేలికపడదు. మీరును ఊరిలో పదిమందికి తీర్పు చెప్పవలసిన పెద్దలు కనుక, వినుట మీకును నిష్ఫలము కాదని తలచుచున్నాను.

మనది పడవల నెరుగని సీమ కాదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట కాలువలన్నియు పడవలకు దారులైనవి. కోరంగి రేవున కొయ్య ఓడలు కట్టిన వడ్రంగులు దేశదేశములందు పేరుపొందిరి. 1974లో రాజమహేంద్రవరమునకును కొవ్వూరునకును నడుమ రెండవ వంతెన పడువరకు, బండ్లతో అవతలి ఒడ్డునకు పోవలసినవారికి ఏటిదారియే దిక్కు. తెరచాప యెత్తిన పడవను నేను చిన్ననాడు గట్టున నిలుచుండి కన్నులార చూచితిని. గాలి వాటముగా నున్నప్పుడు సరంగు చుక్కాని పట్టి ఊరక కూర్చుండును. ఎదురుగాలి వచ్చినప్పుడే అతని పనితనము బయటపడును. తెరచాప పడవ గాలికి సూటిగా ఎదురేగజాలదు. ఒకమారు కుడికి, ఒకమారు ఎడమకు ఏటవాలుగా మళ్ళుచు ముందునకు పోవలెను. ఏ మలుపు ఎచ్చట తీసికొనవలెనో తెలిసినవాడే నేర్పరి.

ఈ విద్యయే నేడు ప్రపంచమంతట క్రీడయైనది. మన తెలుగునేలపై దానికి ముఖ్యస్థానము హైదరాబాదునందలి హుస్సేన్‌సాగరు. కుతుబ్‌షాహీల నాడు, 16వ శతాబ్దమున త్రవ్వించిన ఆ చెరువులో, 1992లో నిలిపిన బుద్ధవిగ్రహమునకు చేరువగా, తెల్లని తెరచాపలు కొంగల బారువలె తిరుగుచుండుటను మీలో కొందరు చూచియుందురు. సైన్యమునకు చెందిన ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషనువారు అచ్చట ఏటేట జరుపు హైదరాబాదు సెయిలింగ్ వీక్ అను పోటీకి దేశము నలుమూలలనుండి నావికులు వత్తురు. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ అను సంఘమువారు పేదయిండ్ల పిల్లలకు సైతము ఈ విద్య నేర్పుచున్నారు. అక్కడ నేర్చిన కొంగర ప్రీతి అను తెలుగుబాలిక 2023లో చైనాదేశపు హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మన దేశము పక్షమున పడవ నడపినది. పడవ నడుపుట కలవారి వినోదమని యెవరైన తలచినచో ఆ తలపు దీనితో తీరిపోవును.

ఇక లెక్క మాటకు వత్తును. పరుగుపందెమున ఒక్కసారి పరుగెత్తి ముందు వచ్చినవాడు గెలిచినట్లు. తెరచాప పందెమున అట్లు కాదు. గాలి చంచలము. ఒక పందెమున ఒకనికి గాలి తోడుపడును. ఇంకొక పందెమున అతనికే గాలి చచ్చిపోవును. కనుక ఒక్క పందెముతో తీర్పు చెప్పుట అన్యాయము. అయిదో, పదో, పండ్రెండో పందెములు నడపి, అన్నిటి ఫలితములను కూడి, విజేతను నిర్ణయింతురు. ఈ కూడికకు ప్రపంచమంతట నేడు వాడుకలోనున్నది తక్కువ పాయింట్ల పద్ధతి. మొదట వచ్చినవానికి 1, రెండవవానికి 2, మూడవవానికి 3, ఈ వరుసగా పాయింట్లు పడును. అన్ని పందెములు కూడగా ఎవనికి తక్కువ పాయింట్లున్నవో వాడే గెలిచినవాడు. మనవాడుకకు ఇది తలక్రిందుగా తోచును. అప్పు తక్కువగా నున్నవాడే సుఖి యనుకొన్నచో సులభముగా బోధపడును.

పందెమునకు రానివాడు, వచ్చియు ముగింపనివాడు, ఆరంభరేఖను గంటకంటె ముందు దాటి తిరిగి రానివాడు, నియమము తప్పి తొలగింపబడినవాడు, వీరందరికిని ఒక్కొక్క సంకేతాక్షరము కలదు. రానివానికి డి.ఎన్.సి., ముగింపనివానికి డి.ఎన్.ఎఫ్., ముందు దాటినవానికి ఓ.సి.ఎస్., తొలగింపబడినవానికి డి.ఎస్.క్యూ. సాధారణ నియమము ననుసరించి ఇట్టివారికి, ఆ వరుసపందెములలో పేరు నమోదైన పడవల సంఖ్యకు ఒకటి కలిపి, అన్ని పాయింట్లు వేయుదురు. పండ్రెండు పడవలు నమోదైనచో అట్టివానికి 13 పాయింట్లు.

దీనికి తోడుగా ఒక దయగల నియమము కూడ నున్నది. ప్రతి నావికుని పందెములలోను మిక్కిలి చెడిపోయిన ఒకదానిని విడిచిపెట్టి, తక్కినవానినే లెక్కింపవచ్చును. తాడు తెగినను, గాలి మోసగించినను, ఒక్క దుర్దినమువలన వాని శ్రమ యంతయు వ్యర్థము కారాదని దీని భావము. హాంగ్‌ఝౌ క్రీడలలోనే మన దేశపు బాలిక నేహా ఠాకూర్ 11 పందెములు నడపి మొత్తము 32 పాయింట్లు పొందినది. వానిలో అన్నిటికంటె చెడ్డది అయిదవ పందెము. అందు 5 పాయింట్లు. దానిని విడువగా మిగిలినవి 27. ఆ లెక్కతో ఆమెకు రజతపతకము లభించినది. పురుషుల పోటీలో మన విష్ణు శరవణన్‌కు తేలినవి 34. రజతము పొందిన కొరియా నావికునకు 33. అన్ని దినముల శ్రమకు ఒక్క పాయింటు తేడాతో రజతము కాంస్యమైనది. లెక్కకట్టువాని కలము ఒక్కసారి జారినచో ఏమగునో దీనివలన మీరే ఊహింపవచ్చును.

ఇద్దరకు పాయింట్లు సమానమైనచో ఏమి చేయుదురు? దానికిని క్రమము కలదు. ఒక ఉదాహరణము చెప్పెదను. నాలుగు పందెములు జరిగినవి, ఏదియు విడువలేదు. ఒకని స్థానములు 1, 4, 2, 3. మరియొకనివి 3, 2, 3, 2. కూడినచో ఇద్దరకును 10. అప్పుడు ఎవరివి వారికి మంచిదానినుండి చెడ్డదానివరకు వరుస చేయవలెను. మొదటివానికి 1, 2, 3, 4. రెండవవానికి 2, 2, 3, 3. తొలి తేడా మొదటి అంకెలోనే యున్నది. ఒకటి గలవాడే పైవాడు. అట్లు పోల్చినను తేడా కానరానిచో, కడపటి పందెమున ఎవడు ముందో వాడే పైవాడు. చీట్లు వేయుట, పెద్దమనుష్యుని ఇష్టమునకు విడుచుట ఇందు లేవు.

వేరువేరు జాతుల పడవలు కలిసి పందెము వేయుటయు కలదు. పొడవైన పడవ సహజముగ వేగము గలది. దానిని పొట్టిపడవతో సమానముగ నెంచుట, ఒంగోలు గిత్తతో లేగదూడను కట్టుటవంటిది. ఇందులకై ఇంగ్లండునందలి రాయల్ యాటింగ్ అసోసియేషనువారు పోర్ట్స్‌మత్ యార్డ్‌స్టిక్ అను పద్ధతిలో ఒక్కొక్క జాతి పడవకు ఒక్కొక్క సంఖ్య నిర్ణయింతురు. పడవ పట్టిన కాలమును సెకండ్లలోనికి మార్చి, వేయితో హెచ్చించి, ఆ సంఖ్యతో భాగింపవలెను. ఒక పడవకు సంఖ్య 1000, మరియొకదానికి 1200 అనుకొందము. మొదటిది 50 నిమిషములలో, అనగా 3000 సెకండ్లలో గమ్యము చేరినది. రెండవది 58 నిమిషములలో, అనగా 3480 సెకండ్లలో చేరినది. 3480ని వేయితో హెచ్చించి 1200తో భాగింపగా 2900 వచ్చును. మొదటిదానికి 3000 అట్లే యుండును. కంటికి వెనుకబడిన రెండవ పడవయే నూరు సెకండ్లతో గెలిచినది! ఇది మన త్రైరాశికమే. పావులూరి మల్లన మహావీరాచార్యుల గణితగ్రంథమును తెనుగు చేసిన దేశమున దీనిని చూచి వెరవనక్కరలేదు.

చూచితిరా, ఈ లెక్కలో కఠినమేమియు లేదు. కూడిక, తీసివేత, ఒకింత భాగహారము. కాని నలువది పడవలు పది పందెములు వేసినచో నాలుగువందల అంకెలు. ఒక్క నావికుని ఒక్క స్థానము మారినచో వాని క్రిందనున్నవారందరివియు మారును, విడుపు మారును, సమానము తేల్చు క్రమము మారును. చేతితో కట్టువాడు రాత్రి తెల్లవార్లు మేలుకొన్నను ఒకచోట జారక మానడు. ఈ శ్రమను తప్పించుటకే కంప్యూటరు ప్రోగ్రాములు పుట్టినవి. వానిలో విశేషప్రచారము గలది సెయిల్‌వేవ్ అనునది. కాలిన్ జెంకిన్స్ అను నతడు దానిని వ్రాసి, ధర పెట్టక లోకమునకిచ్చెను. విండోసు గల సామాన్యపు కంప్యూటరు ఇంటనున్న చాలును, పెద్ద యంత్రమక్కరలేదు.

నిరుడు వర్షాకాలమున నేను హైదరాబాదులో మా అబ్బాయి యింట నుంటిని. మా మనుమరాలు నగరమునకు చేరువనున్న యొక చెరువులో పడవ నడుప నేర్చుకొనుచున్నది. ఆప్టిమిస్ట్ అను పిల్లల పడవ అది. 1947లో అమెరికాదేశమున క్లార్క్ మిల్స్ అను నతడు దానిని రూపొందించెను. ఎనిమిదడుగులకన్న కొంచెము తక్కువ పొడవు, ఒకే తెరచాప, ఒకే బిడ్డ. అచ్చట పండ్రెండుగురు పిల్లలకు అయిదు పందెముల చిన్నపోటీ పెట్టిరి. లెక్కవ్రాయువాడు జ్వరపడి రాలేదు. "తాతగారు పంతులుగారట, లెక్కలు చూతురు" అని నా మెడకు గట్టిరి. నేనును కాదనలేదు. కొంత గర్వముతోనే ఒప్పుకొంటినని యిప్పుడు చెప్పుటకు సిగ్గుపడను.

ప్రోగ్రామును కంప్యూటరులో స్థాపించుట మా అబ్బాయి నాకు చూపెను. క్రమము మీకును చెప్పెదను. మొదట దానిని చేసినవారి సొంత చోటునుండియే తెచ్చుకొనవలెను. ఎవరో పంపిన నకలును తెరచుట, ముక్కుమొగమెరుగని వానిని ఇంట పండుకొనబెట్టుటవంటిది. తెచ్చిన ఫైలును తెరచినచో అది ఒకటి రెండు ప్రశ్నలడుగును. చదివి ఒప్పుకొన్నచో తానే స్థిరపడును. పిమ్మట క్రొత్త పోటీ నొకదానిని ఆరంభించి, దానికి పేరు, స్థలము, తేదీలు వ్రాయవలెను. తరువాత నియమములు పెట్టవలెను. ఎన్ని పందెములు జరిగిన పిమ్మట ఎన్నిటిని విడువవలెను, రానివానికి ఎన్ని పాయింట్లు, సమానమైనప్పుడు ఏ క్రమము, ఇవన్నియు పందెము మొదలుకాక పూర్వమే పెట్టవలెను. పందెములకు ముందు నావికులకిచ్చు సూచనపత్రములో ఏమున్నదో అదియే కంప్యూటరులోను ఉండవలెను. ఈ రెంటికి పొత్తు లేనిచో కూడిక ఎంత సరిగా నున్నను తీర్పు తప్పే.

అటుపిమ్మట పడవల పట్టిక. ఒక్కొక్క పడవకు తెరచాపమీది సంఖ్య, నడుపువాని పేరు, పడవ జాతి వ్రాయవలెను. జాతులు వేరైనచో ఇందాక చెప్పిన పోర్ట్స్‌మత్ సంఖ్యయు వ్రాయవలెను. పందెము ముగిసినప్పుడు గమ్యరేఖయొద్ద కూర్చున్నవారు పడవలు దాటిన వరుసను కాగితముపై వ్రాసి యిత్తురు. ఆ వరుసను కంప్యూటరులో ఎక్కించి, ముగింపనివారికి సంకేతాక్షరములు పెట్టి, లెక్కకట్టుమని యానతిచ్చినచో రెప్పపాటులో ఫలితములు వరుసగా నిలుచును. విడిచిపెట్టిన పందెము కుండలీకరణముల నడుమ కానవచ్చును. దానిని అచ్చువేసి గోడకు అంటింపవచ్చును. లోకమంతయు చూచునట్లు ఇంటర్నెట్టున ఉంచవచ్చును. నాకు అరగంటలో అలవడినది. కరణముగారి దస్తరముకంటె ఇది సులువని నవ్వుకొంటిని.

ఇక నా తప్పు వినుడు. మూడవ పందెమున వాన పడినది. గమ్యరేఖనుండి వచ్చిన కాగితము తడిసినది. అందు రెండవస్థానమున 1216 అను సంఖ్య యున్నది. నేను దానిని 1261 అని యెక్కించితిని. ఆ రెండు సంఖ్యల పడవలును పట్టికలో నున్నవి. 1261వ పడవ ఆ పందెమున బోల్తాపడి ముగింపలేదు. కనుక దాని పేరు కాగితముపై మరియొకచోట రాలేదు. వచ్చియున్నచో ఒకే సంఖ్య రెండుమారులున్నదని నాకే తోచియుండును. మిగిలినవారందరికిని రానివారి సంకేతము పెట్టుమని నేను ఒక్క బొత్తాము నొక్కితిని. యంత్రము నా మాట విన్నది. రెండవస్థానమున వచ్చిన బాలునికి 13 పాయింట్లు వేసినది. బోల్తాపడిన బాలునికి 2 వేసినది.

అసలు లెక్క ఇది. 1216 నడపిన బాలుని స్థానములు 3, 4, 2, 6, 1. ఆరును విడువగా మిగిలినవి 10. మా మనుమరాలి స్థానములు 1, 3, 4, 3, 4. ఒక నాలుగును విడువగా 11. 1261 నడపిన బాలునివి 5, 2, 13, 2, 3. పదమూడును విడువగా 12. మరియొక బాలికకు విడుపు పోగా 13. కనుక బంగారుపతకము 1216వ పడవకు రావలసినది. నా తప్పువలన ఏమైనది? 1216కు 3, 4, 13, 6, 1 అయినవి. పదమూడు విడుపులో పోగా 14 మిగిలినవి. 1261కి 5, 2, 2, 2, 3 అయి, అయిదు పోగా 9 మిగిలినవి. బోల్తాపడినవాడు ప్రథముడైనాడు. ప్రథముడు నాలుగవవాడై పతకములేక నిలిచినాడు.

ఇందు మీరొక విశేషమును గమనింపుడు. విడిచిపెట్టు నియమము దయగలదని చెప్పితిని. ఆ దయయే నా తప్పును కప్పినది. 13 అను పెద్ద అంకె కుండలీకరణములలోనికి పోవుటచేత ఎవరి కన్నును దానిపై పడలేదు. 1261 నడపిన బాలుడు సైతము, తన బోల్తాపడిన పందెము విడుపులో పోయినదనియే తలచి, మనసార సంతోషించినాడు. అచ్చువేసిన కాగితము చూచి యెవరును నోరెత్తలేదు. చేతివ్రాతయైనచో నలుగురు తొంగిచూచి యడిగియుందురు. కంప్యూటరు అచ్చు కనుక శిలాశాసనమువలె నమ్మిరి. చీకటిపడుచున్నదని, ఆక్షేపణకు గడువియ్యక, వెంటనే పతకములు పంచిరి. ఆ బాలుని తండ్రి ప్రక్కనే నిలుచుండెను. కొడుకు ఏమో చెప్పబోగా, "మిషను తప్పు చెప్తుందా, పద" అని చేయిపట్టుకొని తీసికొనిపోయెను. ఆ మాట నా చెవిని పడినది. అప్పుడు నాకు సంతోషమే కలిగినదని చెప్పుటకు నేడు బాధపడుచున్నాను.

ఆ రాత్రి భోజనముకడ మా మనుమరాలు తన పతకమును ప్రక్కనబెట్టుకొని, "తాతయ్యా, మూడో రేసులో ఆ అబ్బాయి నాకంటే ముందున్నాడు. నేను వాడి వెనకాలే వచ్చాను. మరి వాడు రాలేదని రాశావేం?" అని యడిగినది. నాకు ముద్ద దిగలేదు. తన స్థానము రెండు లెక్కలలోను రెండవదియే. ఆ పిల్లకు లాభము లేదు, నష్టము లేదు. చూచినది చెప్పినది, అంతియే. సాక్షి యనువా డెట్లుండవలెనో అరువదేండ్లు దాటిన నాకు తొమ్మిదేండ్ల పిల్ల నేర్పినది.

అదృష్టవశమున ఆ తడిసిన కాగితమును నేను పారవేయలేదు. మరునాటి యుదయమున దానిని వెలుతురులో పట్టి చూచితిని. 1216 అని స్పష్టముగనే యున్నది. వానను నిందింప వీలులేదు. తొందరయు, నమ్మకమును నావి. పోటీ పెద్దలయొద్దకు పోయి జరిగినది చెప్పితిని. పందెముల నియమావళిలో దీనికి దారి కలదు. పందెములు నడపిన సంఘము తన దస్తరమువలన తన లెక్క తప్పని తెలిసికొన్నచో, ఎవరును అడుగకున్నను, దానిని సవరింపవలసినదే. వారు నన్ను ఒక్క మాటయు ననలేదు. ఫైలు తెరచి సంఖ్య మార్చి, ముగింపని పడవకు డి.ఎన్.ఎఫ్. పెట్టి, మరల లెక్కకట్టితిమి. ఫలితములు తమంతట తామే సర్దుకొన్నవి. యంత్రమునకు నాపై కినుక లేదు. పూర్వము ఎంత శ్రద్ధగా తప్పు కూడినదో ఇప్పుడంత శ్రద్ధగా ఒప్పు కూడినది.

ఆదివారమునాడు పిల్లలు మరల కూడిరి. 1261 నడపిన బాలుడు తన బంగారుపతకమును తానే తెచ్చి బల్లపై పెట్టి, కాంస్యమును తీసికొనెను. మూడవదనుకొన్న బాలికయు తన కాంస్యమును మారుపలుకక ఇచ్చివేసినది; వారి ముఖములు చూచుట సులభము కాలేదు. 1216 బాలుడు మాత్రము రాలేదు. అతడు ఆ వారమంతయు చెరువునకు రాలేదట. కబురు పంపి రప్పించితిమి. పతకమును నేనే యిచ్చితిని. పండ్రెండేండ్ల వాడు, నా వంక చూచి, "మిషను తప్పు చేసిందా మాస్టారూ?" అని యడిగెను. "లేదు నాయనా, నేను చేశాను. నన్ను క్షమించు" అంటిని. అతడు తలవంచుకొని, "నేను సరిగ్గానే వచ్చాననుకున్నాను. తర్వాత నేనే తప్పు చూశానేమో అనుకున్నాను" అనెను. శ్రోతలారా! పతకము పోవుట చిన్నది. తాను కన్నులార చూచినదానిని తానే నమ్మజాలని స్థితికి ఒక బిడ్డను తెచ్చుట పెద్దది. నా తప్పు బరువు నాకప్పుడు తెలిసినది.

అది మొదలు నేను కొన్ని కట్టుబాట్లు పెట్టుకొంటిని. గమ్యరేఖయొద్ద ఇద్దరు వేరువేరుగ వ్రాయవలెను. వ్రాసినదానిని ఒకరు బిగ్గరగా చదువగా మరియొకరు కంప్యూటరులో సరిచూడవలెను. ముగింపనివారి పేర్లను ఒక్క బొత్తాముతో తేల్చక, ఒక్కొక్కరిని ఎందుచేత ముగింపలేదని విచారింపవలెను. చెరువునకు వెళ్ళినవారెందరు, తిరిగివచ్చినవారెందరు అని లెక్కించుట ప్రాణరక్షణకును అవసరమే. ఫలితములను అచ్చువేయునప్పుడు పైన "తాత్కాలికము" అని వ్రాసి, గంట వేసి, ఆక్షేపణకు గడువీయవలెను. గడువు తీరిన పిమ్మటనే పతకములు. ఒక్కొక్క దినము ముగియగనే ఫైలునకు క్రొత్తపేరు పెట్టి, నకలొకటి వేరుచోట భద్రపరచవలెను. చేతివ్రాత కాగితములను పోటీ ముగిసినను పారవేయరాదు. కంప్యూటరులోనున్నది మనము చెప్పినమాట; కాగితములోనున్నది కన్నులు చూచినమాట. రెండును విభేదించినచో కాగితమునకే పెద్దరికము.

దీనితో మన పల్లెలకేమి పని యందురా? ఆత్రేయపురమువద్ద కాలువలో 2025 సంక్రాంతికి పడవ పందెములు జరిగినవి. ఎడ్ల పందెములు, బండలాగుడు, భజనపోటీలు, ముగ్గులపోటీలు మన యూళ్ళలో ఉండనే యున్నవి. పోటీ ముగిసిన పిమ్మట తగవు పుట్టి, ఏండ్లతరబడి మాటలు లేని కుటుంబములను మీరెరుగుదురు; నేనును ఎరుగుదును. ఆ తగవులలో చాలవరకు నియమము ముందుగా వ్రాయకపోవుటచేతనే పుట్టినవి. సమానమైనచో ఏమి చేయుదురు, ఎద్దు కాలుజారినచో మరల అవకాశము కలదా, అను మాటలు పందెము తరువాత తలపునకు వచ్చును. అప్పుడు చెప్పిన ప్రతిమాటయు ఎవరికో ఒకరికి పక్షపాతముగా తోచును. తెరచాప పందెములవారు ఈ మాటలన్నియు ముందే వ్రాసికొన్నారు. నాలుగేండ్లకొకమారు ఆ నియమములను సవరించుకొనుచు, దేశమేదైనను ఒకే పుస్తకము పాటించుచున్నారు. మన యూరిపోటీకి ఒక్క పుట చాలును. రచ్చబండయొద్ద ముందుగా చదివి వినిపించినచో చాలును.

మీ యింట మనుమలు కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు, "మాకు రాదు" అని దూరము తొలగకుడు. ప్రక్కన కూర్చుండుడు. బొత్తాములు వారు నొక్కుదురు. "ఈ అంకె ఎక్కడిది? చూచినదెవరు? వ్రాసినదెవరు?" అని యడుగుట మీ పని. యంత్రము కూడును, సాక్ష్యము మాత్రము మనిషే చెప్పవలెను. అడుగువాడు లేనిచోట తప్పు అచ్చుకాగితమెక్కి పెద్దమనిషివలె తిరుగును.

ఆ బాలుడు మరల పడవ నడుపుచున్నాడు. ఇప్పుడతడు ప్రతి పందెము ముగియగనే ఫలితముల కాగితముకడకు వచ్చి, వ్రేలుపెట్టి తన సంఖ్య చూచుకొని, సరిగా నున్నచో నా వంక తలయూపి పోవునట. ఈ సంగతి మా మనుమరాలు వ్రాసినది. అది నాకు శిక్షయో, సన్మానమో తెలియదు, రెండును కావచ్చును. అడుగుట మానలేదు, అంతియే చాలును.

సెలవు.